ముంగిలికి రాని బిడ్డ

సూరత్ నగరమున లింబాయత్, ఉధనా ప్రాంతముల సందులలో ప్రొద్దుటిపూట నడచు తెలుగువాడు తాను నిలిచినది తాపీనదీ తీరమో, మానేరు తీరమో తెలియక ఒక్క క్షణమైనను తడబడక మానడు. అరుగులపై కూర్చుండి చీరలకు రాళ్లంటించుచు, దారపు కొసలు కత్తిరించుచు నల్లగొండ యాసలో ముచ్చటించుకొను స్త్రీలు, గోడమీద మార్కండేయ మహర్షి పటము, పండ్రెండు గంటల రాత్రివంతు ముగించి జుట్టునంటిన పోగులతోనే ఇల్లు చేరుచున్న పురుషులు - ఇదంతయు మన ఊరే. చేనేత కూడు పెట్టకపోయిన కాలమునుండి నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు, మెదకు జిల్లాలను విడిచి తరతరములుగా ఇచ్చటికి తరలివచ్చిన పద్మశాలీ కుటుంబములు వేలసంఖ్యలో స్థిరపడినవి; నగరపాలక సంస్థ తన ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒరియా మాధ్యమముల సరసన తెలుగు మాధ్యమమును గూడ నడుపుచున్నదన్న ఒక్క సంగతియే ఆ జనసమ్మర్దమెంతటిదో చెప్పగలదు. సిరిసిల్ల నేతవారు మరమగ్గమును సాంచె యందురు. గుజరాతీవారు యంత్రమును సంచో యందురు. ఏ మాట ఏ భాషనుండి వచ్చినదో పండితులు తేల్చుకొందురు గాక, ఆ రెండు మాటల నడుమ పెరుగుచున్న మూడేండ్ల బిడ్డను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

ఆ బిడ్డను ఊహించుకొందము; పేరు పెట్టనక్కరలేదు. వానికి పుట్టుకతో వినికిడి లేదు. ఆ సంగతి ఎవరికిని తెలియదు. తల్లి వానిని సందు చివరనున్న అంగన్‌వాడీకి నాలుగు దినములు పంపినది. అచ్చటి కార్యకర్త, ఊరివారందరు ఆదరముతో 'బెన్' అని పిలుచు స్త్రీ, వానిని గుజరాతీలో పిలిచినది; వాడు తల త్రిప్పలేదు. తెలుగువారి పిల్లవాడు గదా, మన భాష వానికెట్లు వచ్చునని ఆమె సరిపెట్టుకొన్నది. ఇంటికి వచ్చిన పిమ్మట తల్లి, "ఆ బెన్ మాట మావానికి సమజ్ గాదు, జర పెద్దగైనంక పంపుత" అన్నది. "మీ మామ గూడ గిట్లనే, ఐదేండ్లకు గాని నోరిప్పలే" అని అత్త ధైర్యము చెప్పినది. ఈ మూడు మాటలలో ఒక్కటియు దుర్మార్గముతో పలికినది కాదు. మూడును కలిసి ఆ బిడ్డ జీవితమున మరల రాని రెండేండ్లను మ్రింగివేసినవి. గుజరాతీ ఇంటి బిడ్డయే అయినచో పిలిచినను పలుకనినాడు అనుమానము చెవి మీదికి పోయెడిది. వలసవచ్చిన ఇంటి బిడ్డ విషయమున అనుమానము భాష మీదికి పోయి, అచ్చటనే ఆగిపోవుచున్నది. పరభాషా ప్రాంతమున వైకల్యమునకు భాషను మించిన ముసుగు లేదు. ఈ మాట చెవిటితనమునకే పరిమితము కాదు; మందబుద్ధి, స్వలీనత, దృష్టిలోపము, నాలుక తిరుగని మాట - అన్నియు ఈ ముసుగుచాటున ఆరేండ్లు హాయిగా దాగియుండగలవు.

ముసుగును మరింత దట్టము చేయు సంగతులు కొన్ని మన ఇంటి ఆచారములలోనే కలవు. తొలి కాన్పు పుట్టింట జరుగవలెను. కడుపుతోనున్న కోడలు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి వరంగల్లులో దిగును. బిడ్డ అచ్చట పుట్టును. తొలి టీకాలు అచ్చట పడును. మూడవ నెలలోనో ఐదవ నెలలోనో తల్లీబిడ్డలు తిరిగి సూరత్ చేరుదురు. వారితో వచ్చిన తల్లీపిల్లల కార్డు తెలుగులో నుండును. ఇచ్చటి బెన్ దానిని చదువలేదు. ఇచ్చట క్రొత్తగా ఇచ్చిన మమతా కార్డు గుజరాతీలో నుండును. దానిని తల్లి చదువలేదు. ఏ నెలకు బిడ్డ నవ్వవలెను, ఏ నెలకు మెడ నిలుపవలెను, ఏ నెలకు పేరు పిలిచిన తిరిగి చూడవలెను అను వివరములు ఆ రెండు కార్డులందును బొమ్మలతో సహా ముద్రితమై ఇనుప పెట్టెలో బట్టల అడుగున పదిలముగా నున్నవి. ఇక మేనరికము సంగతి. మేనమామకును, మేనబావకును పిల్లనిచ్చు వాడుక తెలుగునాట ఎంత పాతదో వేరే చెప్పనేల. రక్తసంబంధమున పుట్టిన బిడ్డలలో పుట్టుచెవుడు వంటి లోపములు అధికమని వైద్యులు చెప్పుచునే యున్నారు. గుజరాతీ హిందువులలో ఈ వాడుక సామాన్యముగా లేదు గనుక అచ్చటి వైద్యునకు ఆ ప్రశ్న అడుగవలెనని తోచకపోవచ్చును. అడుగని ప్రశ్నకు మనమై సమాధానము చెప్పుకొను అలవాటు మనకును లేదు.

వినికిడి విషయమున వైద్యశాస్త్రము ఒక లెక్క చెప్పుచున్నది: నెల నిండకముందు పరీక్ష, మూడు నెలలలో నిర్ధారణ, ఆరు నెలలలో చికిత్సారంభము. శబ్దము చేరని మెదడు శబ్దమునకై కేటాయించిన తావును చిరకాలము ఖాళీగా ఉంచదు. ఇతర పనులకు అప్పగించివేయును. అందుచేతనే పుట్టుచెవిటి పిల్లలకు శస్త్రచికిత్సతో కాక్లియర్ ఇంప్లాంటు అను వినికిడి పరికరమును అమర్చు కేంద్రప్రభుత్వపు అడిప్ పథకము ఐదేండ్ల వయసును హద్దుగా పెట్టుకొన్నది. ఇది శాస్త్రసమ్మతమైన హద్దే. దీనిని నేను ఆక్షేపింపను. కాని 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టమును తెరచి ముప్పదియొకటవ సెక్షనును చూడుడు: నిర్ణీత స్థాయి వైకల్యముగల ప్రతి బిడ్డకు ఉచితవిద్య పొందు హక్కు ఆరవయేట మొదలై పదునెనిమిదవయేట ముగియునని వ్రాసియున్నది. శస్త్రచికిత్సకు తలుపు ఐదవయేట మూసికొనును. హక్కునకు తలుపు ఆరవయేట తెరచుకొనును. ఈ రెండు తలుపుల నడుమనున్న చీకటి వసారాలో ఎవరి బిడ్డ నిలువబడియున్నాడో శాసనకర్తలకు కనబడలేదు కాబోలు. విద్యాహక్కు చట్టమును ఆరునుండి పదునాలుగేండ్లవారికే. మూడేండ్లు దాటినవారికి పూర్వప్రాథమిక విద్య ఏర్పాటు 'చేయవచ్చును' అని పదునొకండవ సెక్షనులో ఒక మాట వేసి ఊరకున్నది. రాజ్యాంగపు 45వ అధికరణము, 2002 నాటి 86వ సవరణానంతరము, ఆరేండ్లలోపు పిల్లలందరి పోషణకును, విద్యకును రాజ్యము 'ప్రయత్నింపవలెను' అనుచున్నది. చట్టములలో క్రియాపదమే ప్రాణము. 'చేయవలెను' అన్నచోట న్యాయస్థానమున్నది. 'చేయవచ్చును', 'ప్రయత్నింపవలెను' అన్నచోట దయాభిక్ష మాత్రమే యున్నది. ఆ దివ్యాంగుల చట్టమందే ఇరువది యైదవ సెక్షను పిల్లలనందరిని సంవత్సరమున కొక్కసారియైన పరీక్షించి ముప్పు గలవారిని గుర్తింపవలెనని చెప్పుచున్నమాట నిజమే. గుర్తించుట ఒకటి, చేర్చుకొనుట మరియొకటి.

2011 జనగణన ప్రకారము దేశమున ఆరేండ్లలోపు వైకల్యముగల పిల్లలు సుమారు ఇరువది లక్షలు. పైన చెప్పిన ముసుగును దృష్టియందుంచుకొన్నచో, ఆ లెక్కలోనికి ఎక్కినది గుమ్మములో కనబడిన వైకల్యమే గాని, ఇంటివారికే తెలియని వైకల్యము కాదని గ్రహింపవచ్చును.

ఇచ్చట ఒక పాత ఋణమును జ్ఞాపకము చేయవలసియున్నది. అంగన్‌వాడీలో పిల్లలు పూసలు గ్రుచ్చుట, గరుకు నునుపు తడిమి తెలిసికొనుట, ఆకారములను అమర్చుట, పాటతో అడుగు వేయుట - ఇవి ఎక్కడివని మన మెన్నడైన ఆలోచించితిమా? పందొమ్మిదవ శతాబ్ద్యారంభమున పారిసునగరపు బధిరాలయమున వైద్యుడైన ఇటార్ అడవిలో దొరకిన మాటరాని బాలునికి చదువు చెప్పబూని కొన్ని సాధనములు కల్పించెను. ఆయన మార్గమున సెగన్ అను వైద్యుడు, లోకము జడులని త్రోసివేసిన పిల్లలకై వానిని పెంపొందించెను. మరియా మాంటిస్సోరి 1900 ప్రాంతమున రోముపట్టణమున బుద్ధిమాంద్యముగల పిల్లల పాఠశాలలో ఆ సాధనములనే వాడి, ఆ పిల్లలు సామాన్య విద్యార్థులతోపాటు పరీక్షలో నెగ్గుటను చూచి ఆశ్చర్యపడలేదు. సామాన్యులైన పిల్లలను మన పాఠశాలలు ఎంతగా అణచివేయుచున్నవో గదా యని ఆశ్చర్యపడినది. ఆ ఆశ్చర్యమునుండియే 1907 జనవరిలో ఆమె తొలి శిశుగృహము పుట్టినది. ఆ పద్ధతిని గుజరాతునకు దెచ్చినవాడు గిజుభాయి బధేకా. 1920లో భావనగరమున బాలమందిరము స్థాపించెను. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో బోర్డి గ్రామమున పని మొదలిడినది. సూరత్ నుండి ముంబయికి పోవు రైలుమార్గమున గుజరాతు పొలిమేర దాటగనే తగులు సముద్రతీరపు పల్లె అది. దళితుల పిల్లలు, గిరిజనుల పిల్లలు బడికి రాకుండుట చూచి ఆమె, పిల్లలు రానిచో బడియే పోవలెనని, వారి వాడల ముంగిళ్లలోనే పాఠములు నడపినది. అంగణము ముంగిలి, ముంగిటి బడి అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశువికాస పథకము ఆరంభమైనప్పుడు ఆ పేరే దాని కేంద్రములకు నిలిచినది.

అనగా, ఏ పిల్లలకై కనిపెట్టబడిన సాధనములతో అంగన్‌వాడీ గది నిండియున్నదో, ఆ పిల్లలే ఆ గదికి రాలేకున్నారు. ఏ పిల్లలు రారని గురువమ్మ ముంగిలికి నడచిపోయినదో, ఆ ముంగిలి పేరు పెట్టుకొన్న సంస్థ ఇప్పుడు రాని బిడ్డకై ఎదురుచూచుచు కూర్చున్నది. వైకల్యముగల శిశువును అంగన్‌వాడీలో చేర్చుట అను విషయము వచ్చినప్పుడెల్ల మనవారు దాత స్వరముతో మాట్లాడుదురు. దాతలము కాము, ఋణస్థులము.

ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది, ప్రత్యేక పాఠశాలలున్నవి గదా, అచ్చటనే మేలు జరుగునని. పదేండ్ల బిడ్డకు బ్రెయిలీ నేర్పుటకు నిపుణుడు కావలెననుట నిజము. మూడేండ్ల బిడ్డకు అంగన్‌వాడీలో నేర్పునదేమి? చేతులు కడుగుకొనుట, వరుసలో కూర్చుండుట, ప్రక్కవానితో పంచుకొని తినుట, మట్టిముద్ద చేయుట, పాటకు చప్పట్లు కొట్టుట. ఇందులో ఏ పనికి పట్టభద్రుడైన నిపుణుడు కావలెను? చూపులేని బిడ్డ చప్పట్లు కొట్టగలడు, వినికిడిలేని బిడ్డ మట్టిముద్ద చేయగలడు, నడువలేని బిడ్డ రెండును చేయగలడు. నిపుణుని పని నిపుణునిదే. అది వేరుగా, దీనితోపాటు జరుగవలెను గాని, దీనికి బదులు కాదు. అదియుగాక, ప్రత్యేక పాఠశాల గుమ్మమెక్కునాటికి ఆ బిడ్డ ఇంటికవతల మరియొక బిడ్డ ముఖమును చూచియుండకపోవుట కంటె పెద్ద వైకల్యము వేరొకటి కలదా?

రెండవది, ఇతర పిల్లలు చెడుదురని. మన సందులలో కుంటివాడు, మూగోడు, చెవిటోడు అను పేర్లు పెట్టినవారు పెద్దలు. పిల్లలు ఆ మాటలను ఇంటినుండి తెచ్చుకొందురు. మూడేండ్ల వయసున మాటరాని స్నేహితునితో సైగలతో ఆడుకొన్న పిల్లవానికి ఆ పేర్లు అంతగా రుచింపవు. ప్రభుత్వమువారు వికలాంగులను దివ్యాంగులనిరి. పేరు మార్చుట సులభము, పీట మార్చుటయే కష్టము.

మూడవ ఆక్షేపణ మాత్రము బరువైనది. బెన్‌కు తీరికయేది? ఒక్క కార్యకర్త, ఒక్క సహాయకురాలు, ఇరుకైన అద్దెగది, పుస్తకములు, ఫోనులో నింపవలసిన పట్టికలు, తూకములు, టీకాల దినములు, బాలశక్తి పోషకాహారపు పొట్లముల పంపకము, ఇంతకును ఆమెకిచ్చునది జీతము కాదు, గౌరవవేతనము. ఆమె మీద మరియొక పని మోపి, అది జరుగలేదని ఆమెను నిందించువారితో నేను ఏకీభవింపను. 2023 నవంబరులో కేంద్ర స్త్రీ శిశువికాస మంత్రిత్వశాఖ అంగన్‌వాడీలలో దివ్యాంగ శిశువులను గుర్తించి, చేర్చుకొని, వైద్యమునకు పంపుటకై ఒక ప్రత్యేక విధానపత్రమును వెలువరించినది. అది మెచ్చదగిన పని. దానిలోని అడుగులును సక్రమమైనవే. కాని విధానపత్రము ఒక మనిషికి సాటి రాదు. తలుపుకు వాలుదారి, గదిలో మరియొక జత చేతులు, నెలకొక పూట వచ్చి చేతిలో చేయివేసి చూపించు శిక్షకురాలు - వీనిని ఇయ్యక కాగితమును మాత్రమిచ్చుట పడుగు వేసి పేక మరచుట వంటిది.

అయినను, ఉన్న ఏర్పాటులోనే ఒక్క బలము కలదు. దానిని మన మెవరమును గమనింపము. గుజరాతులో సహాయకురాలిని తెడాగర్ అందురు. ప్రొద్దున ఇంటింటికి పోయి పిల్లలను పోగుచేసికొని వచ్చుట ఆమె పని. ఏ ఇంట బిడ్డయున్నాడో, ఆ బిడ్డ ఏల రాడో ఆ సందులో ఆమెకు తెలిసినంతగా ఏ వైద్యాధికారికిని తెలియదు. 2013 ఫిబ్రవరిలో, బోర్డికి దక్షిణముగా అదే రైలుమార్గమున నున్న పాల్ఘర్‌లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము ప్రకారము సంచారవైద్యబృందము అంగన్‌వాడీకి సంవత్సరమున రెండుమారులు రావలెను. ఆ బృందము గదిలోనున్న పిల్లలను పరీక్షించి పోవును. గదిలో లేని బిడ్డయే కదా మనకు కావలసినది! ఆ దినమున తెడాగర్ చేయిపట్టుకొని ఆ బృందమును ఇంటింటికి నడపించినచో చాలును. అంతకంటె ముఖ్యము: నిర్ధారణపత్రము వచ్చువరకు చేర్పు ఆగరాదు. ముందు చేర్చుకొనవలెను, పిమ్మట పరీక్షింపవలెను. పెద్దాసుపత్రికి పోవుట యనగా ముక్కకింత అను లెక్కన చీరలపని చేయు తల్లికి ఒక దినపు కూలి పోవుట; రెండవమారు రమ్మన్నచో రెండు దినములు. ఆమె పోకపోవచ్చును. అందులకు శిక్ష బిడ్డకు వేయరాదు.

నగరమంతట ఇంటింటికి పోవుట సాధ్యమా యని సూరతువారు అడుగరాదు, ఇతరులడిగినను అడుగవచ్చును. 1994 సెప్టెంబరులో ప్లేగు ప్రబలి లక్షలాది జనులు మూటాముల్లె గట్టుకొని పారిపోయిన ఊరు ఇదియే. మరుసటి సంవత్సరము మేనెలలో నగరపాలక సంస్థ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు - ఇంటిపేరు చూచిన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు - నగరమును ఆరు మండలములుగా విభజించి, అధికారులు ప్రతి ఉదయము కార్యాలయములు విడిచి సందులలో నిలువవలెనని శాసించిరి. రెండేండ్లు తిరుగకముందే ఆ ఊరు దేశపు పరిశుభ్ర నగరములలో రెండవదిగా పేరుపొందినది. చెత్తకుప్పను వెదకుకొనుచు ప్రతి సందునకు పోగలిగిన యంత్రాంగము బిడ్డను వెదకుకొనుచు పోలేనన్నచో అది అశక్తత కాదు, అనాసక్తి.

భాష సంగతి మిగిలియున్నది. మొదలిడినది అచ్చటనే గదా. తెలుగుదేశమున గిడుగు రామమూర్తి పంతులుగారను మహానుభావుడుండెను. సవర గిరిజనులుండు మన్యమున తిరిగి, జ్వరమునకు మ్రింగిన క్వినైను వలన వినికిడి పోగొట్టుకొన్నవాడు. అయినను సవరపిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని పట్టుబట్టి, స్వయముగా పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించిన ధన్యుడు. (ఆయన నా ఈ వాక్యములను చూచినచో, ఏ కాలపు భాషయని నన్ను మందలించి యుండెడివారు, ఆ నింద శిరసావహింతును.) వినలేని పెద్దమనిషికి బిడ్డ చెవిన మొదట పడవలసినది తల్లిభాష అని తెలిసినది. నగరపాలకులు ఆరేండ్ల పిల్లవానికి తెలుగు బడి ఇచ్చుచున్నారు. అది వారి ఔదార్యము, మెచ్చవలసినదే. కాని మూడేండ్లవానికి అంగన్‌వాడీలో తెలుగుమాట ఆడగల స్త్రీ ఒక్కతె కావలెను. ఆమె ఉన్ననాడు, "పిలిచిన పలుకలేదు" అను మాటకు భాష సాకు కాజాలదు. తెలుగున పిలిచినను పలుకలేదని ఆమె చెప్పిననాడే చెవి పరీక్ష మొదలగును.

లింబాయత్, ఉధనా ప్రాంతములలోని పద్మశాలీ సమాజపు పెద్దలకు నాదొక మనవి. మమతా కార్డులోని బిడ్డ ఎదుగుదల పుటను తెలుగున అచ్చువేయించి, పెండ్లి శుభలేఖ పంచినట్లు గడపగడపకు పంచుడు, ఖర్చు స్వల్పము. పురుటికి పోయివచ్చిన ప్రతి కోడలి చేతిలోని కార్డును చదువవచ్చిన ఆడపడుచు ఒక్కతె ఆ సందు అంగన్‌వాడీకి తోడుపోయి, అందులోనిది బెన్‌కు చదివి చెప్పవలెను. మరియు, అంగన్‌వాడీ కార్యకర్తగా గాని తెడాగర్‌గా గాని పనిచేయు స్త్రీ ఆ ప్రాంతమునందే నివసించునదై యుండవలెనని నియమమున్నది. ఆ ప్రాంతముననే పుట్టి, గుజరాతీ చదివి, ఇంట తెలుగు మాట్లాడు మన ఆడపిల్లలు ఎందరో కలరు. ఈ మారు నియామకపు ప్రకటన వెలువడినప్పుడు, మీ సందునుండి ఒక్క బిడ్డచేతనైన దరఖాస్తు పెట్టింపుడు.